తోకకు వేసిన రంగు

విమాన పరీక్షల ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఈ మధ్య నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "ఆంటీ, ఈ జాబ్‌లో థ్రిల్ ఉంటుందా?" ఉంటుంది. కాకపోతే థ్రిల్ కలిగిన రోజున మన పనిలో ఎక్కడో తప్పు దొర్లిందని అర్థం. పని సవ్యంగా జరిగిన రోజు పైలట్ దిగి, హెల్మెట్ తీసి, లంచ్ ఎక్కడని అడుగుతాడు. నా ఉద్యోగంలో అలాంటి రోజులే ఎక్కువ. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు.

నేను ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్‌గా పనిచేశాను. కొత్తగా కట్టిన విమానాన్ని మొదటి రోజుల్లో ఎంత ఎత్తులో, ఎంత వేగంతో, ఏ వరసలో నడిపి చూడాలో ముందే నిర్ణయిస్తాం. అది గాలిలో ఉన్నంతసేపూ నేల మీద కూర్చుని రేడియోలో పైలట్‌తో మాట్లాడుతుంటాం. ఆపమనాల్సిన చోట ఆపమంటాం. చాలా ఏళ్లు ఒక పెద్ద కంపెనీలో ప్రయాణికుల విమానాలతో ఈ పని చేశాను. ఆఖరి ఏళ్లలో మాత్రం, అంటే రెండువేల సంవత్సరం దాటాక, అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్‌లో మా ఇంటికి దగ్గర్లోనే పాత రేసు విమానాలను తిరిగి కట్టే ఒక చిన్న షాపులో చేరాను. ఇక్కడ రాసేది ఎక్కువగా ఆ షాపు సంగతే.

మొదటి బాస్

పెద్ద కంపెనీలో నా మొదటి బాస్ మహా కోపిష్టి. ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండే, కానీ ఆ రెండూ రిటైరయ్యేదాకా పనికొచ్చాయి.

ఒకరోజు పరీక్ష అయిపోగానే కొలతలను కాగితం మీద గీసే రికార్డర్ దగ్గరికి నేను పరుగెత్తాను. ఆయన నా దారికి అడ్డంగా నిలబడి, "ముందు పైలట్ దగ్గరికి వెళ్లు. కాగితం రేపటికీ అలాగే ఉంటుంది. మనిషికి అన్నం తిన్నాక సగం గుర్తుండదు" అన్నాడు.

సరేనని పైలట్ దగ్గరికి వెళ్లి, "అంతా బాగుందా?" అని అడిగాను. బాస్ నన్ను వెంటనే పక్కకు లాగాడు. "అలా అడిగితే ఎవడైనా బాగుందనే అంటాడు. చేతికి ఏమనిపించిందో అడుగు" అన్నాడు.

ఆయన మీద నాకున్న మిగతా అభిప్రాయాలు ఇక్కడ అక్కర్లేదు.

ఎర్ర విమానం

పందొమ్మిదివందల ముప్పైల నాటి రేసు విమానాలను మీరు ఫొటోల్లో చూసి ఉంటారు. పొట్టి రెక్కలు, వాటికి మించిన ఇంజిన్, దాదాపు తోక దగ్గర పైలట్ సీటు. నేల మీద ఉన్నప్పుడు పైలట్‌కి ఎదురుగా ఇంజిన్ తప్ప ఇంకేమీ కనిపించదు. మైదానంలో స్తంభాలు పాతి, వాటి చుట్టూ ఇళ్ల కప్పుల ఎత్తులో పందెం పెట్టేవారు. స్టాండ్ల నిండా జనం. గెలిచినవాడికి రెక్కల బొమ్మ ఉన్న వెండి కప్పు. ఆ విమానాలను చాలామంది చలికాలమంతా షెడ్డులో కూర్చుని కట్టుకుని, వేసవిలో పందానికి తెచ్చేవారు. వాటిలో కొన్ని అప్పటి సైనిక విమానాలనే దాటిపోయాయి.

నాకు వాటి మీద ప్రేమ ఉంది, భ్రమలు లేవు. ఆ పందాల్లో చాలామంది పోయారు. పోయినవాళ్లలో చాలామంది మీద పడిన మాట ఒక్కటే: పైలట్ తప్పు. చచ్చిపోయినవాడు జవాబు చెప్పలేడు కదా.

మా షాపుకి హెరాల్డ్ అనే ఆసామి వచ్చాడు. వ్యాపారం అమ్మేసి, పాత విమానాల పిచ్చిలో పడినవాడు. ఆ కాలంలో ఒక ఏడాది కప్పు గెలిచి, మరుసటి ఏడు అదే పందెంలో కూలిపోయిన ఒక ఎర్ర విమానాన్ని మళ్లీ కట్టించాలని ఆయన కోరిక. జనం చూస్తుండగానే దాని తోక ఊడిపోయింది. పైలట్ గొప్పకు పోయి మలుపులో విమానాన్ని మరీ గట్టిగా తిప్పాడని అప్పట్లో అన్నారు. అదే మాట పత్రికల్లోకీ, తర్వాత పుస్తకాల్లోకీ ఎక్కింది.

ఆ పైలట్ కూతురు డోరతీ స్పోకేన్‌లో ఉంటుందని హెరాల్డ్ కనుక్కున్నాడు. ఆవిడకు అప్పటికే ఎనభై దాటాయి. వేసవి చివర్లో జరిగే ఎయిర్ షోలో తన తండ్రి విమానం ఎగురుతుంటే చూపిస్తానని ఆవిడకు మాటిచ్చాడు. మమ్మల్ని మాత్రం ముందుగా అడగలేదు.

తోక ఎందుకు అదురుతుంది

కథలోకి వెళ్లేముందు ఒక్క విషయం చెప్పాలి. విమానం తోకకు రెండు వైపులా, తలుపులకుండే లాంటి బందుల మీద కిందికీ పైకీ ఆడే పలకలుంటాయి. వాటిని ఎలివేటర్లంటారు. పైలట్ చేతిలోని కర్రను వెనక్కి లాగితే అవి పైకి లేస్తాయి, విమానం ముక్కూ లేస్తుంది. బందుకు వెనక వైపు పలక బరువెక్కితే, ఒక వేగం దాటాక గాలి తోపూ పలక ఊపూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. రెపరెప మొదలవుతుంది. వెంటనే ఆపకపోతే రెప్పపాటులో తోక విరిగిపోతుంది. దీనికి విరుగుడుగా బందుకు ముందు వైపు సీసం బరువు పెట్టి, పలక తక్కెడలా సమంగా నిలిచేట్టు చేస్తారు.

మా విమానానికి బయటికి కనిపించకుండా లోపలే ఆ బరువులు పెట్టాం. ఎలివేటర్లు రెండింటినీ స్టాండు మీద పెట్టి, సమంగా నిలవడం నేను కళ్లారా చూశాను. అప్పటికి వాటి మీద వెండిరంగు అస్తరు పూత మాత్రమే ఉంది.

ఒకే మాట, రెండు అర్థాలు

పరీక్షలకు కొండలు దాటి తూర్పు వాషింగ్టన్ వెళ్లేవాళ్లం. అక్కడ గోధుమ పొలాల మధ్య మిలిటరీవాళ్లు వదిలేసిన పొడవాటి రన్‌వే ఒకటుంది. విమానం నడిపేది టెస్. మాటలు తక్కువ, తిండి ఎక్కువ. షాపు నడిపే రాయ్ ఇంకో చిన్న విమానంలో టెస్ పక్కనే ఎగురుతూ బయటినుంచి కనిపెట్టుకుని ఉండేవాడు. నేల మీద వ్యాన్‌లో నేనూ స్వప్నా. స్వప్న మిషిగన్‌లో, ట్రాయ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మంచి ఇంజినీర్. విమానంలోని సెన్సర్లు పంపే గీతలను స్క్రీన్ మీద చదవడం తన పని. ఆఫీసులో వసూ అని పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నన్ను ఆంటీ అనే పిలిచేది.

మొదటి రెండు పరీక్షలూ బాగా జరిగాయి. తర్వాత మా బంధువుల ఇంట్లో పెళ్లికి కొద్దిరోజులు శాంటా క్లారా వెళ్లాను. తిరిగొచ్చేసరికి విమానం ఎర్రగా నిగనిగలాడుతోంది. హెరాల్డ్‌కి షో దగ్గరపడుతోందన్న కంగారు. పెయింటర్‌ని రప్పించి, పూత మీద పూత వేయించి, రుద్దించి, మళ్లీ పూతలు వేయించి, తోక దాకా మెరిపించాడు.

నేను రాయ్‌ని అడిగాను. "రంగు వేశాక బ్యాలన్స్ చూశారా?"

"చూశాం. బాగానే ఉంది" అన్నాడు.

రాయ్ అబద్ధాలాడే మనిషి కాడు. ఆ మాట పట్టుకుని మూడో పరీక్షకు ఒప్పుకున్నాను.

మూడో పరీక్ష

ఆ ఉదయం గాలి తక్కువగా ఉంది. టెస్ బాగా ఎత్తుకు వెళ్లింది. ఏదైనా జరిగితే పారాషూట్‌తో దూకడానికి కావలసినంత ఎత్తు. వేగాన్ని మెట్లుమెట్లుగా పెంచుకుంటూ పోవాలి. ఒక్కో మెట్టు దగ్గర పైలట్ కర్రను చేత్తో ఒక్కసారి తడుతుంది. తోక కొద్దిగా వణికి ఆగుతుంది. ఎంత త్వరగా ఆగితే అంత మంచిది.

మొదటి మెట్టు దగ్గర వణుకు టక్కున ఆగింది. రెండో మెట్టు దగ్గర టెస్ కర్రను తట్టగానే స్వప్న స్క్రీన్‌కి దగ్గరగా వంగింది.

"ఆంటీ, లాస్ట్ టైమ్ ఇదే స్పీడ్‌లో వెంటనే పోయింది. ఇప్పుడు స్లోగా పోతోంది."

"సెన్సర్ లూజయిందా?"

"నో, సెన్సర్ కాదు. రెండు సైడ్స్ సేమ్ ఉంది. ఆంటీ, ఐ డోంట్ లైక్ దిస్."

నేనూ చూశాను. గీత చావడానికి ఇష్టం లేనట్టు మెల్లగా సన్నబడుతోంది. రేడియో అందుకున్నాను. "టెస్, ఇక వేగం పెంచొద్దు. ఇంజిన్ తగ్గించి..."

మాట పూర్తికాలేదు. ఏ కొండ గాలి తగిలిందో తెలియదు. స్క్రీన్ మీద గీత ఒక్కసారిగా పైనుంచి కిందిదాకా నిండిపోయింది. రేడియోలో టెస్ గొంతు ముక్కలుముక్కలుగా వినిపించింది.

"కర్ర... చేతిలో... ఆగట్లేదు."

"ఇంజిన్ తగ్గించు. ముక్కు మెల్లిగా పైకి. మెల్లిగా."

స్వప్న నా మోచేతిని పట్టుకుంది. తను పట్టుకున్న సంగతి తనకు తెలిసినట్టు లేదు. గీత కొంచెం కొంచెంగా సన్నబడి, ఆగింది.

"ఆగింది. ఇంకా ఎగురుతున్నాను" అంది టెస్.

రాయ్ తన విమానాన్ని ఎర్ర విమానం వెనక్కి తెచ్చి చూశాడు. "ఎడమ ఎలివేటర్ చివరి బందు విరిగింది. పలక చివర వేలాడుతోంది. పలకకు కప్పిన గుడ్డ చిరిగిపోయింది. మిగతా బందులు పట్టుకుని ఉన్నాయి. టెస్, తిన్నగా రన్‌వే మీదికి వచ్చెయ్. వీలైనంత త్వరగా."

వ్యాన్ తలుపు దగ్గర హెరాల్డ్ నిలబడి ఉన్నాడు. ఆయన సంతోషం కోసం రెండేళ్లు కట్టిన విమానం అది. మనిషి ముఖంలో రంగు లేదు. "దూకమను. విమానం పోతే పోయింది, దూకమని చెప్పు" అన్నాడు. ఆయన మీద అప్పటిదాకా నాకున్న చిరాకు ఆ క్షణంలోనే పోయింది.

నాకు రెండూ నచ్చలేదు. దూకేటప్పుడు వెనకే తోకకు వేలాడుతున్న పలక తగలొచ్చు. తిన్నగా దిగుదామంటే, నేల దగ్గర వేగం తగ్గాక కర్రను బాగా వెనక్కి లాగాలి. విరిగిన పలక అక్కడ పట్టేస్తే మళ్లీ దూకడానికి ఎత్తుండదు.

"టెస్, చేతికి ఏమనిపిస్తోంది?"

"చిన్న కదలికలకు బాగానే ఉంది. ఎక్కువ లాగి చూడలేదు."

"పైనే ఉండు. మెల్లిమెల్లిగా వేగం తగ్గిస్తూ, దిగబోతున్నట్టే నడుపు. కర్ర ఎక్కడ పట్టేస్తుందో ఆ వేగం నాకు చెప్పు. అదుపు తప్పితే దూకెయ్. అక్కడ ఎత్తుంది."

ఈ పాఠం పుస్తకాల్లోనూ ఉంటుంది. ఏట్లో కొట్టుకుపోతున్నవాడు ఒడ్డు వైపే చూస్తాడు. మన పైలట్‌కి నేల అలాగే కనిపిస్తుంది. దిగేముందు పైనే, దిగుతున్నట్టు నడిపి చూడమని గుర్తు చేయడానికే మనం నేల మీద కూర్చునేది.

టెస్ వేగం తగ్గిస్తూ పోయింది. అంకెలు చెబుతోంది. నేను రాసుకోలేదు, స్వప్న గుర్తుపెట్టుకుంటోంది. ఒకచోట టెస్ గొంతు మారింది. "పట్టేసింది. వెనక్కి రావట్లేదు. ముక్కు దిగుతోంది."

"వేగం పెంచు."

కాసేపటికి, "వదిలింది" అంది.

ఆ వేగానికి కొంచెం జాగ్రత్త కలిపి, దానికంటే తక్కువకు రావద్దని చెప్పాను. అంటే మామూలు కంటే చాలా వేగంగా, తోక లేపి ముందు చక్రాల మీదే నేలను తాకాలి. రన్‌వే పొడవైనదే, అయినా చాలుతుందని మాటివ్వలేను.

"టెస్, నాకు తెలిసింది ఇంతే. దూకాలంటే ఇప్పుడే. కిందికి దిగడం మొదలుపెట్టాక ఆ దారి ఉండదు. నీకు దేని మీద నమ్మకం ఉంది?"

"దించుతాను" అంది. "రాయ్, నాకు ముందు కనిపించదు. పక్కనే ఉండి నేల ఎంత దూరంలో ఉందో చెబుతూ ఉండు. వసూ, నేను అడిగితే తప్ప నువ్వు మాట్లాడకు."

ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని అది, నోరు మూసుకుని కూర్చోవడం. మైకు మీద నుంచి వేలు తీసేసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

రెండు విమానాలూ పక్కపక్కనే, పొలాల మీదుగా వచ్చాయి. రాయ్ గొంతు ఒకే స్థాయిలో వినిపిస్తోంది. "ఇంటి ఎత్తు. మనిషి ఎత్తు. మోకాలు. మోకాలు. ఇంకా మోకాలే. తగిలింది." చక్రాలు తాకి, విమానం ఒకసారి ఎగిరి, మళ్లీ తాకింది. మా ముందునుంచి గోడలాంటి చప్పుడుతో దూసుకుపోయింది. తోక ఎప్పుడు దించాలో టెస్‌కి తెలుసు. తొందరపడితే విమానం మళ్లీ గాలిలోకి లేస్తుంది. రన్‌వే చివర ఎర్ర చుక్క ఆగకుండా కోసిన గోధుమ మోళ్లలోకి వెళ్లిపోయింది. దుమ్ము లేచింది.

స్వప్న అప్పటికే కారు స్టార్ట్ చేసింది.

మేం వెళ్లేసరికి విమానం ఒకవైపు ఒరిగి నిలబడి ఉంది. టెస్ రెక్క కింద మోళ్ల మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుని, పాత అలవాటు కొద్దీ, "చేతికి ఏమనిపించింది?" అని అడిగాను.

"వసూ, ముందు నీళ్లివ్వు" అంది.

స్టాండు మీద

ఎలివేటర్లు విప్పి, వసంతంలో పెట్టిన స్టాండు మీదే మళ్లీ పెట్టాం. మంచిగా ఉన్న కుడి పలక వదలగానే వెనక వైపుకు ధబ్బున పడిపోయింది.

రాయ్ దాన్నే చూస్తూ, "రంగు" అన్నాడు.

"బ్యాలన్స్ చూశామన్నావు కదా?"

"చూశాం. మొత్తం విమానాన్ని కాటాల మీదికి ఎక్కించాం. ముందూ వెనకా బరువు సరిపోయింది." పడిపోయిన పలకను వేలితో చూపించాడు. "నువ్వు అడిగింది ఇదా?"

నేను అడిగింది పలకల సంగతి. అతను చెప్పింది మొత్తం విమానం సంగతి. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం. రాయ్ సాకులు చెప్పలేదు. పెయింటర్ మీదికీ హెరాల్డ్ మీదికీ నెట్టలేదు. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, తను ఏమనుకున్నాడో, అది ఎందుకు తప్పయిందో తనే చెప్పాడు. మీ బాస్ అలాంటివాడో కాదో తెలుసుకోవడానికి ఒక ప్రమాదం దాకా ఆగకండి. చిన్న తప్పు జరిగినప్పుడే గమనించండి.

ఆ రోజు నుంచి నేను "చూశారా?" అని అడగడం మానేశాను. "నాకు చూపించండి" అంటాను. కొందరికి కోపమొస్తుంది. రానివ్వండి.

డోరతీ

షోలో విమానం ఎగరలేదు. హెరాల్డ్ దాన్ని విమానాలు పెట్టే ఒక షెడ్డులో నిలబెట్టాడు. విరిగిన ఎలివేటర్‌ని దాచేద్దామన్నాడు. వద్దని నేనే పట్టుబట్టి పక్కన బల్ల మీద పెట్టించాను.

డోరతీ చేతికర్ర పట్టుకుని, నిటారుగా నడిచి వచ్చింది. తండ్రి గెలిచిన వెండి కప్పును గుడ్డసంచిలో తెచ్చింది. విమానం చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల దగ్గర ఆగింది. హెరాల్డ్ జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"రంగు వల్లా?" అంది ఆవిడ.

"అవునండీ. బందుకి వెనక బరువు పెరిగింది."

ఆవిడ ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. "ఆ పందానికి ముందు నాన్న కూడా రంగు వేయించాడు. నాకు ఆరేళ్లు. ఆరిందనుకుని తోక మీద చెయ్యి పెట్టాను. చెయ్యి అచ్చు పడిపోయింది. నాన్న నవ్వాడు, తిట్టలేదు. అది కనిపించకుండా ఇంకో పూత వేయమన్నాడు." తలెత్తి నన్ను చూసింది. "ఇంజినీర్ మీరే కదా. అదేనా కారణం?"

హెరాల్డ్ నా వైపు ఆశగా చూశాడు. అవునని చెబితే, తప్పు పైలట్‌ది కాదని తేలిపోతుంది, జీవితమంతా ఆవిడ వింటూ వచ్చిన నింద పోతుంది. ఆయన ఆలోచన అంతవరకే వెళ్లింది. ఆవిడ మాత్రం తన కుడిచేతిని ఎడమచేత్తో మూసి పట్టుకుని ఉంది. నేను అవునంటే తండ్రి మీది నింద తీసి ఆరేళ్ల పిల్ల మీద పెట్టినట్టవుతుంది. కాదనడానికీ నా దగ్గర ఏమీ లేదు.

"మీ నాన్నగారి తోక ఎందుకు విరిగిందో నాకు తెలియదు" అన్నాను. "ఆ రోజుల్లో చాలా విమానాలకు లోపల సీసం బరువులే ఉండేవి కావు. ఆయన విమానానికి ఉన్నాయో లేదో పాత డ్రాయింగుల్లో లేదు. ఆయన తప్పు చేశాడని రాసినవాళ్ల దగ్గరా ఏ ఆధారమూ లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. మా విమానం తోక బరువెక్కడానికి చాలా పూతలు పట్టాయి. ఒక పిల్ల చెయ్యి అచ్చు కప్పడానికి వేసిన ఒక్క పూతతో ఏ విమానం తోకా విరగదు."

ఆవిడ మెల్లిగా చెయ్యి వదిలింది.

"మా నాన్న సంగతి అందరూ తెలుసుననే చెప్పారు" అంది. "పత్రికలవాళ్లూ, చర్చిలో ఆడవాళ్లూ, చివరికి మా అమ్మా. తెలియదని చెప్పింది మీరొక్కరే."

విమానం ముందు హెరాల్డ్ పెట్టించిన బోర్డు మీద పైలట్ పొరపాటు వల్ల కూలిందని పాత పుస్తకాల్లోని మాటే ఉంది. డోరతీ దాన్ని చేతికర్రతో చూపించి, "ఇది తీయించండి. కారణం తెలియదని రాయించండి" అంది.

షో ముగిసేదాకా ఆగలేదు హెరాల్డ్. రాయ్ దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, అక్కడే నిలబడి ఆ బోర్డు తనే ఊడదీశాడు.